పీటర్ పాన్ ఇనాం

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనవాళ్లు ఏనాడో చెప్పిపెట్టారు. అయితే ఆ అల్లుడికి అత్తగారి భయం కాస్తయినా ఉంటుంది. ఎప్పుడో ఒక పూట ఆవిడ బీరువా తెరిచి చూసుకుంటుంది కదా! బ్రిటిష్ పార్లమెంటుకు ఆ భయం కూడా లేకపోయింది. 1988లో అది ఇంకా పుట్టని పాఠకుల సొమ్ము తీసి, ఎంతో ధర్మబుద్ధితో, లండన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రికి శాశ్వతంగా రాసిచ్చేసింది. పుట్టనివాళ్లెవరూ లేచి అభ్యంతరం చెప్పలేదు గనక ఆ సవరణ హాయిగా నెగ్గింది.

ఆసుపత్రి పేరు గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్. 1852లో పది మంచాలతో మొదలైంది. 1858లో చార్లెస్ డికెన్స్ తన క్రిస్మస్ కథను చదివి వినిపించి దానికి డబ్బు పోగుచేసి పెట్టాడు. ఆయన ఒక సాయంత్రాన్నీ తన గొంతునూ ఇచ్చాడు, జనం టిక్కెట్టు కొన్నారు, లెక్క అక్కడికి తీరిపోయింది. ఆ తర్వాత 1929లో జె. ఎం. బారీ వంతు వచ్చింది. పక్క స్థలం కొనడానికి వేసిన కమిటీలో ఉండమని ఆసుపత్రివాళ్లు అడిగితే, కమిటీల్లో కూర్చోవడం తన వల్ల కాదన్నాడు. కమిటీ అంటే ఏమిటో తెలిసిన ఏ రచయితయినా ఆ మాటే అంటాడు. అని ఊరుకోకుండా ‘పీటర్ పాన్’ హక్కులు మొత్తం ఆసుపత్రికి రాసిచ్చేశాడు. 1904 డిసెంబరు 27న డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో తెర లేచిన నాటి నుంచి ఏటేటా డబ్బు కురిపిస్తున్న నాటకం అది. ఇది దానమంటే. తన చెట్టు, తన కాయ, తన చేత్తో ఇచ్చాడు. ఆయన మీద నాకు పల్లెత్తు మాట లేదు.

బారీ 1937లో పోయాడు. అప్పటి చట్టం ప్రకారం రచయిత పోయాక యాభయ్యేళ్లు. అంటే 1987 డిసెంబరు 31 రాత్రి పన్నెండు కొట్టగానే ఆ నాటకం అందరిదీ కావాలి. అయింది కూడా. బారీకి ఉన్న హక్కే యాభయ్యేళ్లది. దానిలో మిగిలినదాన్నే ఆయన ఇచ్చాడు. అంతకు మించి ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆ లోటును పార్లమెంటు పూడ్చింది. కొత్త కాపీరైటు బిల్లు నడుస్తుండగా ప్రభువుల సభలో మాజీ ప్రధాని జేమ్స్ కాలహన్ ఒక సవరణ తెచ్చాడు. ఆయన భార్య ఆడ్రీ ఆ ఆసుపత్రి ట్రస్టీల అధ్యక్షురాలు. ఇందులో లంచమూ లేదు, స్వలాభమూ లేదు. ఒక మంచి ఇల్లాలి మంచి తపన, ఒక మంచి మగడి మంచి మాట. చట్టాలు చెడిపోవడానికి చెడ్డవాళ్లే కావాలని ఎవరన్నారు?

అలా పుట్టింది 301వ సెక్షను, దాని వెనక ఆరో షెడ్యూలు. బ్రిటన్‌లో ఆ నాటకాన్ని ఎవరు ప్రదర్శించినా, అచ్చేసి అమ్మినా, ప్రసారం చేసినా ఆసుపత్రికి రాయల్టీ కట్టాలి. ఎన్నాళ్లు? అన్నాళ్లు ఇన్నాళ్లు అని లేదు. ఎదగనని మొరాయించే పిల్లాడి కథకు ఎన్నటికీ చావని శిస్తు వేశారు. ఈ హాస్యం నాది కాదు, ప్రభువులది.

మనకిది కొత్త విద్యేం కాదు. మన రాజులు రాగిరేకుల మీద అగ్రహారాలు, మాన్యాలు రాసిచ్చేటప్పుడు ఆచంద్రార్కం అని చెక్కించేవాళ్లు. సూర్యచంద్రులున్నంత కాలం ఆ పంటలో భాగం ఫలానావారిది. కింద శాపం ఉండేది: ఈ దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. మన కాపీరైటు చట్టం రచయిత పోయాక అరవై ఏళ్లతో సరిపెట్టుకుంటుంది. శాపానికీ చట్టానికీ తేడా మూడు సున్నాలు. ఆ సూర్యచంద్రులు ఇప్పటికీ ఉన్నారు గానీ ఇనాములు 1950ల్లో వచ్చిన రద్దు చట్టాలతో పోయాయి. ఇచ్చిన రాజు ఉద్దేశం మంచిదే అయినా, నాలుగు వందల ఏళ్ల కిందటి పుణ్యానికి ఇవాళ్టి రైతు శిస్తు కట్టడమేమిటని శాసనసభలు అడిగాయి. ఆరో షెడ్యూలు చదివితే నాకు ఆ రాగిరేకులే కళ్లముందు మెదిలాయి. ఆ రాయల్టీ హక్కును ట్రస్టీలు ఇంకొకరికి బదలాయించినా, తాకట్టు పెట్టబోయినా రద్దైపోతుందట. అచ్చం ధూపదీప నైవేద్యాల మాన్యమే. శాపం ఒక్కటే తక్కువ.

చూడవలసిన చమత్కారం ఇంకొకటుంది. 1774లో, పుస్తకం మీద శాశ్వత హక్కు తమదేనని లండన్ పుస్తక వ్యాపారులు వాదిస్తే, కుదరదు పొమ్మని తీర్పు చెప్పింది ఇదే ప్రభువుల సభ. ఆ మరుసటేడే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు పరుగెత్తుకొచ్చి, మేము వ్యాపారులం కాము, విద్యాదానం చేసేవాళ్లం, మాకు మాత్రం శాశ్వతంగా ఇవ్వండని అడిగి పుచ్చుకున్నాయి. ఈటన్ లాంటి పెద్ద బడులు కూడా ఆ పంక్తిలో కూర్చున్నాయి. రెండు వందల ఏళ్లు దాటాక, ఈ శాశ్వత హక్కులు మరీ పాత చింతకాయ పచ్చడిలా ఉన్నాయని వాటిని ఎత్తేశారు. ఎత్తేసింది ఏ చట్టమంటే 1988 కాపీరైటు చట్టమే! ఒకే చట్టం, ఒకే పుస్తకం. కొన్ని పేజీల్లో ధర్మసంస్థలకు శాశ్వత హక్కు తగదన్నారు. మరికొన్ని పేజీలు తిప్పితే ఒక ధర్మసంస్థకు శాశ్వత రాయల్టీ ఇచ్చారు. ఒకే పంతులు ఒకే ముహూర్తానికి పెళ్లీ విడాకులూ చదివేశాడు.

“పాపం, జబ్బు పిల్లలండీ! ఆ నాలుగు పౌండ్లకు ఏడుస్తారేం?” అని మీరంటారు. ఆ మాట మీ చేత అనిపించడానికే ఆ సవరణ అలా తయారైంది. పసిపిల్లాడి మంచం అడ్డంగా వేసి, దాని వెనక నిలబడి వాదిస్తే ఎదుటివాడు నోరెత్తితే రాక్షసుడు, ఎత్తకపోతే ఓటు. వ్యాపారులకు 1774లో ఈ కిటుకు తెలియక ఓడిపోయారు. తెలిసుంటే లాభంలో పైసా వంతు ఏ అనాథాశ్రమానికో ఇస్తామని ముందే అని ఉండేవాళ్లు. షేక్‌స్పియర్‌కు ఇవాళ్టికీ మనం కప్పం కడుతూ ఉండేవాళ్లం.

సరే, జబ్బు పిల్లల మాటే మాట్లాడదాం. 1948 నుంచి బ్రిటన్‌లో వైద్యం ప్రభుత్వం పూచీ. పిల్లల వార్డుకు డబ్బు చాలకపోతే ఆర్థికమంత్రి లేచి ఎందుకు చాలలేదో చెప్పాలి. పన్ను వెయ్యాలి, తిట్లు తినాలి, ఎన్నికల్లో మళ్లీ జనం ముందుకు వెళ్లాలి. ఆ బాధలన్నీ ఎందుకని ఒక నాటకం మీద పన్ను వేశారు. దానికి పన్ను అని పేరు పెట్టలేదు గనక ఓడిపోయిన మంత్రి లేడు. మన చదువుల్ని తిట్టిపోసిన ఆ మెకాలేయే, 1841లో కామన్స్ సభలో కాపీరైటు మీద మాట్లాడుతూ, రచయితకు బహుమతి ఇవ్వడానికి పాఠకుడి మీద వేసే పన్ను అది అని తేల్చేశాడు. మనల్ని అంత తప్పుగా అర్థం చేసుకున్న మనిషి కాపీరైటును అంత సరిగ్గా ఎలా అర్థం చేసుకున్నాడా అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. పన్నే అయితే, కట్టేవాడు ఎవడో చూడాలి. కోటీశ్వరుడా? సిగరెట్ కంపెనీయా? కాదు, పిల్లల నాటకానికి టిక్కెట్టు కొన్న తల్లి.

పుచ్చుకునేది ఎవరో కూడా చూడాలి. దేశంలో పిల్లల ఆసుపత్రి అదొక్కటే కాదు. లివర్‌పూల్‌లో ఉంది, బర్మింగ్‌హాంలో ఉంది. అక్కడి పిల్లలు చేసిన పాపమల్లా, 1929లో ఏ నాటక రచయితా వాళ్ల వీధివైపు రాకపోవడం. జబ్బు తీవ్రతను బట్టి కాదు, మంచాల సంఖ్యను బట్టి కాదు, ఒకానొక నాటకానికి హాలు నిండిందా లేదా అన్నదాన్ని బట్టి వైద్యానికి డబ్బు వెళ్లాలన్నది ఈ ధర్మం. ఇదే ధర్మమైతే ఆర్థర్ కానన్ డాయిల్ ఏం చేశాడు? ఆయన కంటి వైద్యం నేర్చుకున్నవాడు. షెర్లాక్ హోమ్స్ మీద శాశ్వత రాయల్టీ ఒక కంటి ఆసుపత్రికి రాయకపోవడం గుడ్డివాళ్లకు అన్యాయం కాదూ? బారీ, డాయిల్ స్నేహితులు. ఇద్దరూ కలిసి 1893లో ‘జేన్ ఆనీ’ అనే సంగీత నాటకం రాస్తే అది చతికిలబడింది. పార్లమెంటు దయ నిజంగా నిస్వార్థమైతే శాశ్వత రాయల్టీని దాని మీద ఇచ్చి ఉండాల్సింది. ఎవరికీ నష్టం ఉండేది కాదు.

పోనీ, ఈ శాశ్వత ధర్మం ముందే ఉండి ఉంటే బారీ సంగతేమయ్యేది? ఆయన ఓడదొంగల నాయకుడు హుక్, స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలండ్’లోని ఒంటికాలి దొంగ సైతం భయపడ్డ మనిషి అట, బారీయే ఆ మాట చెప్పుకుని మురిశాడు. బ్లాక్‌బియర్డ్ అనే అసలు ఓడదొంగ ఓడ మీద పనిచేశాడట కూడా. ఇక పాన్ అన్న పేరు గ్రీకు దేవుడిది. స్టీవెన్సన్ ఊపిరితిత్తుల జబ్బుతో జీవితమంతా బాధపడ్డాడు. ఆయన హక్కులు ఏదైనా శానిటోరియానికి శాశ్వతంగా ఉండి ఉంటే, హుక్ కొక్కెం పైకెత్తిన ప్రతిసారీ బారీ చెక్కు రాయవలసి వచ్చేది. కమిటీలో కూర్చోను పొమ్మన్న మనిషి లాయరు ఆఫీసులో కూర్చునేవాడు. నాటకం రాసేవాడో లేదో నాకైతే అనుమానమే.

ఇక్కడ ఒక్క మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఆ 301వ సెక్షనులో ఆసుపత్రికి డబ్బు పుచ్చుకునే హక్కే ఉంది గానీ, వద్దని ఆపే హక్కు లేదు. ఇంత తెలివిగా రాసిన పొరపాటు చట్టాల్లో అరుదు. వద్దనే హక్కు కూడా ధర్మసంస్థ చేతికి వస్తే ఏమవుతుందో తర్వాత తెలిసింది. యూరప్ అంతటా గడువును డెబ్బై ఏళ్లకు పెంచినప్పుడు, పోయిన కాపీరైటు 1996లో లేచి కూర్చుంది. 2007 చివరిదాకా కూర్చునే ఉంది. ఆ రోజుల్లోనే ఆలన్ మూర్, మెలిండా గెబీ కలిసి ‘లాస్ట్ గర్ల్స్’ అనే పెద్దల బొమ్మల నవల తెచ్చారు. అందులో పీటర్ పాన్ కథలోని వెండీ ఎదిగిన ఆడమనిషిగా కనిపిస్తుంది. ఆసుపత్రి అభ్యంతరం చెప్పింది. 2006లో అమెరికాలో వచ్చిన ఆ పుస్తకం, బ్రిటన్‌లో 2008లో, అంటే కాపీరైటు మళ్లీ కన్నుమూశాకే, వచ్చింది. మంచి పుస్తకమా, చెడ్డదా అని నన్ను అడక్కండి. ఏ కథలో ఎవరు ఎలా ప్రవర్తించాలో తేల్చడానికి పిల్లల డాక్టర్ల సంస్థ ఎందుకు? వాళ్లకు అంతకంటే ముఖ్యమైన పనులున్నాయని నా గౌరవం.

ఈ ముచ్చట మన దేశంలోనూ తీరింది. రవీంద్రుడి రచనల హక్కులు ఆయన స్థాపించిన విశ్వభారతి చేతిలో ఉండేవి. అంతకంటే పవిత్రమైన ధర్మసంస్థ ఎక్కడ దొరుకుతుంది? 1941లో పోయిన ఆయన కాపీరైటు 1991 చివర తీరాలి. తీరబోతుందనగా దేశమంతా గుండెలు బాదుకున్నట్టు వాతావరణం వచ్చి, 1992 సవరణతో గడువు యాభై నుంచి అరవైకి పెరిగింది. ఒక్క కవి కోసం దేశంలోని రచయితలందరికీ పదేళ్లు! రవీంద్రుడంత ఉదారుడు ఎవరున్నారు మరి, పోయిన యాభయ్యేళ్లకు కూడా ముక్కూమొహం తెలియనివాళ్ల వారసులకు పెట్టాడు. ఆ హక్కుతో విశ్వభారతి పేదపిల్లలకు చదువు చెప్పడంతో ఆగలేదు. రవీంద్ర సంగీతం ఎవరు ఎలా పాడాలో తేల్చే సంగీత మండలిని కూడా కూర్చోబెట్టింది. ఆ మండలికి దేవవ్రత బిశ్వాస్ పాడే తీరు నచ్చలేదు. బెంగాల్ ఆరాధించిన ఆ గొంతు చివరికి రికార్డులు ఇవ్వడమే మానేసింది. పదేళ్ల పొడిగింపు కూడా 2001తో తీరింది. ఆ తర్వాత రవీంద్ర సంగీతం చచ్చిపోతుందని భయపడ్డవాళ్లు ఇప్పుడు ఏ కలకత్తా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరైనా నిలబడి వినవచ్చు, మైకుల్లో అదే మోగుతోంది.

ఇంత చెప్పాక తెలుగువాళ్లం వెనకబడితే బాగుండదు. మనకూ ఆసుపత్రులున్నాయి, వాటిలో మందులు లేవు. కనక నా మనవి ఇది: తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను శాశ్వత రాయల్టీ కిందికి తేవాలి. తిరుపతి శాస్త్రిగారు 1920లోనూ, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు 1950లోనూ వెళ్లిపోయారు. ఇద్దరి ఉమ్మడి రచన గనక చివర పోయినవారి లెక్కన 2010తో గడువు తీరిపోయింది. ఎంత ఆదాయం పోతోందో ఆలోచించండి! ఏ ఊళ్లో జాతర జరిగినా రాయబారం పద్యాలు పడాల్సిందే. హార్మోనిస్టు పక్కన ఒక గుమాస్తాను కూర్చోబెట్టి పద్యానికింతని రాయిస్తే జిల్లాకో ఆసుపత్రి లేచిపోతుంది. చిక్కు ఒక్కటే. జనం “వన్స్ మోర్” అన్నప్పుడు కృష్ణుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. అది రెండో ప్రదర్శనా, మొదటిదానికి పొడిగింపా? మూడోసారి అడిగితే? రాగం తీసి ఊరుకుంటే శిస్తు సగమా, పూర్తా? అర్జునుడి వేషగాడికి పద్యం మరిచిపోయి తెరవెనక నుంచి అందిస్తే రాయల్టీ ఎవరు కట్టాలి, మరిచినవాడా, అందించినవాడా? ఇవన్నీ తేల్చడానికి ఒక ట్రిబ్యునల్ వెయ్యాలి. ట్రిబ్యునల్‌కు భవనం కావాలి, భవనానికి డబ్బు కావాలి, ఆ డబ్బు రాయల్టీలోంచే తియ్యాలి. మందుల సంగతి తర్వాత చూద్దాం.

భారతం మీదకు వెళ్తే ఇంకా గట్టి గొడవ. నన్నయ వాటా రాజమహేంద్రవరం ఆసుపత్రికి, తిక్కన వాటా నెల్లూరుకు, ఎర్రన వాటా ఒంగోలుకు అనుకుందాం. అరణ్యపర్వం దగ్గర ముడి పడుతుంది. నన్నయ సగంలో వదిలేసినదాన్ని ఎర్రన పూర్తిచేసి, తన పేరు వెనక్కి నెట్టి, రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. పరాయి కవి పేరు మీద ఊరికే పనిచేసిపెట్టిన ఆ మహానుభావుడి తరఫున ఒంగోలు ఆసుపత్రి హైకోర్టుకెక్కుతుంది. కవుల మధ్య లేని పోట్లాట సూపరింటెండెంట్ల మధ్య మొదలవుతుంది. వ్యాసుడి తరఫున ఎవరు వస్తారో నాకు తెలియదు గానీ తప్పకుండా వస్తారు.

అన్నట్టు, మీలో ఎవరైనా పీటర్ పాన్‌ను తెలుగులో రాసి అచ్చేయదలిస్తే నిర్భయంగా కానివ్వండి. మన దేశంలో దాని గడువు 1987తోనే తీరింది. మనం పదేళ్లు పెంచేనాటికే అది చేజారిపోయింది. అమెరికాలోనూ బారీ నవల ఎప్పుడో జనానిదైంది. 1928లో అచ్చయిన నాటకం 2024 జనవరి 1న బయటపడింది. అంటే ప్రపంచంలోకెల్లా డబ్బున్న సినిమా స్టూడియోలు తమ దేశంలో పైసా కట్టకుండా పీటర్‌ను ఎగరేసుకోవచ్చు. కానీ లండన్‌లో మన తెలుగు సంఘంవాళ్లు ఉగాదికి హాలు అద్దెకు తీసుకుని పిల్లల చేత మీ అనువాదం ఆడించి టిక్కెట్లు అమ్మారో, చిట్టా విప్పాలి. ఏనుగులు వెళ్లే దారిలో చీమలకు టోల్‌గేటు.

ధర్మసంస్థ కడుపు నిండాలంటే శాశ్వత హక్కు లేక తప్పదా? గాంధీ ‘హింద్ స్వరాజ్’ ఇంగ్లిషు ప్రతిని 1910లో అచ్చేసినప్పుడు హక్కులేవీ ప్రత్యేకించుకోలేదని దాని మీదే వేయించాడు. తర్వాత తన రచనల హక్కులు నవజీవన్ ట్రస్టుకు అప్పగించాడు. 2008 చివర ఆ గడువూ తీరింది. రవీంద్రుడికి పదేళ్లు పెంచిన దేశం, జాతిపిత పేరెత్తితే ఇరవై పెంచకపోయేదా? నవజీవన్‌వాళ్లు అడగలేదు. పుస్తకాలు చవకగా అచ్చేసుకుంటూ, అమ్ముకుంటూ కూర్చున్నారు. అంతకు ముందే, 1949లో, మన సర్కారు జిల్లాలు, సీమ జిల్లాలు కూడా తన కిందే ఉన్న మద్రాసు ప్రభుత్వం సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులు తీసుకుంది. ఎన్నటికీ వసూలు చేసుకుందామని కాదు, జనానికి వదిలేద్దామని. ప్రభుత్వానికి దానం చెయ్యాలనిపిస్తే ఖజానాలోంచి ఇచ్చి హక్కు కొని జనానికి వదలొచ్చన్నమాట. లేదా ఖజానాలోంచే తీసి ఆసుపత్రికి ఇవ్వొచ్చు. పార్లమెంటు సభ్యులు తమ జీతంలోంచి నెలకింత ఇస్తామన్నా ఎవరూ కాదనరు. ఆ సవరణను మాత్రం ఏ సభలోనూ ఎవరూ ప్రతిపాదించలేదు.

మరి ఈ శాశ్వత శిస్తు కింద ఏటా ఎంత వస్తోంది? ఇంత చదివిన మీకు ఆ అంకె చెప్పకపోతే బాగుండదు. కానీ అది చెప్పరు. ఎంత వచ్చిందో బయటపెట్టొద్దని బారీ కోరాడట. ఆయన మాట మీద గౌరవంతో ఆసుపత్రి ఇప్పటికీ చెప్పదు. బారీ తన సొంత డబ్బు గురించి ఆ మాట అన్నప్పుడు అది పెద్దమనిషితనం. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నది ఏ దాతకైనా అందమే. 1988 తర్వాత ఇస్తున్నది బారీ కాదు, టిక్కెట్టు కొన్నవాడు. ఎంత ఇస్తున్నాడో వాడికే తెలియకూడదట.